శాంతినికేతన్‌లో రుతువులూ పిల్లల బొమ్మలూ

ప్రకృతిని చూసినప్పుడు పసిమనసులో కలిగే ఇష్టాన్ని, భయాన్ని, ఆశ్చర్యాన్ని బొమ్మల్లో చెప్పుకోవడం పిల్లలకు అలవాటు చేసే పని మన దేశంలో ఒక పద్ధతిగా కుదురుకున్న చోట్లలో శాంతినికేతన్ ముఖ్యమైనది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో, కోల్‌కతాకు సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, బోల్పూర్ పట్టణం పక్కన ఉన్న ఈ ఆశ్రమంలో 1901 డిసెంబర్ 22న రవీంద్రనాథ్ టాగూర్ ఐదుగురు పిల్లలతో బడి పెట్టారు. వాళ్లలో ఒకరు ఆయన పెద్ద కొడుకు రథీంద్రనాథ్. పిల్లల చేతికి కుంచె ఇవ్వడానికి ముందు వాళ్లకు చూడటం అలవాటు కావాలనీ, చూడటానికి ముందు ప్రకృతి మధ్య తీరిగ్గా బతకడం అలవాటు కావాలనీ ఆ బడి నమ్మింది. అక్కడి కళాశిక్షణ చరిత్ర అంతా ఈ వరసలోనే సాగింది.

ముందు ఆ నేల గురించి చెప్పుకోవాలి. టాగూర్ తండ్రి దేవేంద్రనాథ్ 1863లో అక్కడ ఇరవై బిఘాల భూమి కౌలుకు తీసుకున్నారు. రెండు ఏడాకులపాల చెట్లు తప్ప చెప్పుకోదగ్గ నీడ లేని చోటు అది. ధ్యానానికి అనువుగా ఉందని ఆయన దాన్ని ఎంచుకున్నారు. చుట్టూ ఎర్రమట్టి. వానలకు కోసుకుపోయి గుల్లలు గుల్లలుగా మిగిలిన గట్లను, గండ్లను అక్కడివాళ్లు ఖోయాయి అంటారు. కొంచెం దూరంలో కోపాయి అనే చిన్న ఏరు, అక్కడక్కడా తాడిచెట్లు, సంతాల్ గిరిజనుల పల్లెలు. ఆశ్రమం పెరిగేకొద్దీ సాలవృక్షాల బాట, మామిడితోపు, పొగడచెట్లు లేచాయి. బీర్భూమ్‌లో రుతువులు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. వైశాఖంలో ఎర్రదుమ్ము లేపుతూ గాలివాన వస్తుంది, ఆషాఢంలో మబ్బులు నేలకు దిగుతాయి, శరత్తులో రెల్లు పూస్తుంది, పారిజాతాలు రాలుతాయి, ఫాల్గుణంలో మోదుగలూ బూరుగలూ ఆకులు రాల్చి ఎర్రగా పూస్తాయి. ఏ పుస్తకమూ లేకుండానే సంవత్సరం పొడుగునా పిల్లల కళ్ల ముందు రంగులు మారుతూ ఉండే చోటు అది.

ఈ బడి ఎందుకు ఇలా రూపుదిద్దుకుందో తెలియాలంటే టాగూర్ బాల్యం చూడాలి. కలకత్తా జొరాసాంకో ఇంట్లో ఆయన చిన్నతనం నౌకర్ల కాపలాలో గడిచింది. శ్యామ్ అనే నౌకరు ఆయన్ను ఒకచోట కూర్చోబెట్టి చుట్టూ సుద్దతో గీత గీసి, దాటితే ముప్పు అని బెదిరించేవాడు. సీత కథ తెలిసిన పిల్లవాడు కనుక ఆ గీత దాటేవాడు కాదు. కిటికీలోంచి కనిపించే చెరువును, దాని గట్టున ఉన్న మర్రిచెట్టును, స్నానానికి వచ్చిపోయే వాళ్లను చూస్తూ పొద్దు గడిపేవాడు. బడులు మార్చినా ఏ బడీ ఆయనకు సరిపడలేదు. 1873లో ఉపనయనం అయ్యాక తండ్రి ఆయన్ను హిమాలయాలకు తీసుకువెళుతూ దారిలో శాంతినికేతన్‌లో కొన్ని రోజులు ఉంచారు. అప్పటికి ఆయనకు పదకొండేళ్లు. గీత లేని నేల మీద మొదటిసారి తిరిగిన పిల్లవాడు ఖోయాయి గండ్లలో దిగి రంగురంగుల గులకరాళ్లు ఏరుకుని తండ్రి ముందు పోశాడు. దేవేంద్రనాథ్ వాటిని చూసి సంతోషపడి, అక్కడున్న మట్టిదిబ్బను ఆ రాళ్లతో అలంకరించమన్నారు. ఇంకోరోజు నీళ్లు ఊరే చోటు కనిపెట్టానని చెబితే, తన స్నానానికి అక్కడినుంచే నీళ్లు తెప్పించే ఏర్పాటు చేశారు. ఈ సంగతులన్నీ టాగూర్ 1912లో అచ్చయిన తన ‘జీవనస్మృతి’లో రాసుకున్నారు.

ఈ చిన్న సంఘటన మీద కాస్త నిలబడాలి. పిల్లవాడు తెచ్చిన రాళ్ల పేర్లు తండ్రి అడగలేదు. అవి ఎందుకూ పనికిరావని అనలేదు, బాగున్నాయని ఒక మాట అని పక్కనా పెట్టలేదు. పిల్లవాడి సంతోషాన్ని చేతిపనిగా మార్చుకునే దారి చూపించారు. రాళ్లు ఏరుకోవడం ఇష్టం, వాటితో దిబ్బను అలంకరించడం కళ. రెంటి మధ్యా ఉండే ఆ అడుగు పెద్దవాళ్ల ఆదరం వల్లనే పడుతుంది. తరువాత శాంతినికేతన్ బడిలో జరిగినదానికి మూలం ఇక్కడే కనిపిస్తుంది.

బడి మొదట బ్రహ్మచర్యాశ్రమం అనే పేరుతో నడిచింది. పిల్లలు తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, ఎవరి ఆసనం వాళ్లు చంకన పెట్టుకుని చెట్ల కిందికి వెళ్లేవారు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట ఆరుబయట ఒంటరిగా, మౌనంగా కూర్చోవాలి. ఆ సమయంలో పిల్లలు ఏం ఆలోచిస్తున్నారని ఎవరూ అడగరు. ఉడతను చూస్తూ కూర్చున్నా తప్పులేదన్నది టాగూర్ ఉద్దేశం. చెప్పులు లేకుండా నడవాలని కూడా ఆయన పట్టుబట్టారు. నేలను అరికాళ్లు నేరుగా తెలుసుకోవాలని ఆయన వాదన. ఒకసారి బడి చూడటానికి వచ్చిన పేరున్న ప్రధానోపాధ్యాయుడు, ఒక కుర్రవాడు చెట్టెక్కి కొమ్మల చీలికలో కూర్చుని చదువుకోవడం చూసి నొచ్చుకున్నారు. కుర్చీలో కూర్చోవడానికి జీవితమంతా ఉందనీ, కొమ్మ మీద కూర్చునే వయసు ఒక్కటే ఉంటుందనీ టాగూర్ ఆయనకు నచ్చజెప్పవలసి వచ్చింది. అమెరికాలో ఇచ్చిన ‘మై స్కూల్’ అనే ఉపన్యాసంలో ఆయన ఈ విషయాలన్నీ వివరించారు. జ్ఞానేంద్రియాలకూ మనసుకూ శిక్షణ ఒకేసారి జరగాలన్నది ఆ ఉపన్యాస సారం.

చెట్ల కింద కూర్చోబెట్టినంత మాత్రాన పిల్లలకు చెట్లు తెలిసిపోవు. తెలియజెప్పే మనుషులు కావాలి. ఆ విషయంలో శాంతినికేతన్ అదృష్టం గొప్పది. సైన్సు చెప్పిన జగదానంద రాయ్ పిల్లల కోసం బెంగాలీలో పురుగుల మీద, పక్షుల మీద, చెట్ల మీద, గ్రహనక్షత్రాల మీద విడివిడిగా పుస్తకాలు రాశారు. తేజేశ్చంద్ర సేన్ చెట్లంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన తన మట్టి గుడిసెను ఒక తాడిచెట్టు చుట్టూ కట్టించుకున్నారు. చెట్టు కొట్టకుండా, పూరికప్పు మధ్యలోంచి పైకి సాగనిచ్చిన ఆ ఇల్లు తాళధ్వజ్ పేరుతో నేటికీ ఉంది. పిల్లలు రోజూ ఆ ఇంటి ముందునుంచే తిరిగేవారు. పక్షి పేరు, గూడు కట్టే కాలం తెలిసిన పిల్లవాడు గీసిన పక్షికీ, అట్టమీది బొమ్మ చూసి గీసిన పక్షికీ తేడా ఉంటుంది. విషయం తెలిస్తే అనుభూతి చచ్చిపోతుందనే అపోహకు ఈ ఉపాధ్యాయుల పనే సమాధానం.

అనుభూతికి రూపం ఇచ్చిన మొదటి సాధనం రుతువుల పండుగలు. 1907లో టాగూర్ చిన్న కొడుకు శమీంద్రనాథ్ తోటి పిల్లలను కూడగట్టుకుని వసంతోత్సవం చేశాడు. పదేళ్లు దాటిన ఆ పిల్లవాడు అదే ఏడాది నవంబరులో కలరాతో చనిపోయాడు. మరుసటి ఏడాది టాగూర్ బడిపిల్లల చేత ఆడించడానికి ‘శారదోత్సవ్’ నాటకం రాశారు. శరత్కాలపు సెలవుల సంతోషమే దాని ఇతివృత్తం. తరువాత వర్షమంగళ్ వచ్చింది. వాన కోసం ప్రత్యేకంగా పాటలు, నాట్యం, అలంకరణ. 1928 జులైలో వృక్షారోపణం మొదలైంది. పూలతో అలంకరించిన పల్లకిలో మొక్కను ఊరేగిస్తూ తెస్తారు. క్షితి, జలం, తేజం, వాయువు, ఆకాశం అనే పంచభూతాల వేషాల్లో ఐదుగురు పిల్లలు ఆ మొక్కను దీవిస్తారు. ఆ మొదటి సందర్భంలో టాగూర్ ‘బలాయ్’ అనే కథ చదివి వినిపించారు. తల్లిలేని ఒక పిల్లవాడు గడ్డిపరకతో, మొలకతో మాట్లాడుకునేంతగా మొక్కలను ప్రేమిస్తాడు. దారి మధ్యలో మొలిచిన బూరుగ చెట్టును పీకొద్దని బతిమాలుకుంటాడు. అతను దూరం వెళ్లాక పెద్దవాళ్లు దాన్ని కొట్టేస్తారు. బలాయ్ బొమ్మలు గీయడు, పాటలు కట్టడు. పిల్లల లోపల ప్రకృతి పట్ల ఉండేది ఎంత లోతైన భావమో, దాన్ని పెద్దలు ఎంత తేలిగ్గా గమనించకుండా పోతారో ఆ కథ చెబుతుంది. పిల్లలకు కళ నేర్పబోయే ప్రతివాళ్లూ ముందుగా చదవవలసిన కథ అది.

పండుగలకు కావలసిన అలంకరణ అంతా చేతిపనే. ఏ కాలంలో దొరికే పూలతో ఆ కాలం నగలు. తాటాకు, చింతాకు, మోదుగపూలు, ఎండుగింజలు, మట్టికుండలు, ముతకనూలు చీరలు. నాటకం తెరలు, వేదిక, నటుల దుస్తుల రంగులు కళాకారుల చేతుల్లో తయారవుతుంటే పిల్లలు పక్కనుండి అందిస్తూ నేర్చుకునేవారు. వీటిలో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఆల్పన. బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, వేళ్లతో నేల మీద వేసే ఈ బెంగాలీ ముగ్గు ఇళ్లలో స్త్రీలు వ్రతాలకు వేసుకునేది. మన సంక్రాంతి ముగ్గుకు చుక్కల లెక్క ఆధారమైతే, ఆల్పనలో తీగ, ఆకు, తామర వంటివి చేతి ఊపుతోనే సాగుతాయి. సుకుమారీదేవి శాంతినికేతన్‌లో దీన్ని నేర్పారు. చిత్రకారుడు నందలాల్ బోస్, ఆయన కుమార్తెలు గౌరి, జమున దాన్ని ఇంకా పెంచారు. వ్రతం గుర్తుల స్థానంలో ఆ కాలపు పూలు, ఆకులు చేరాయి. నేల మీద వేసిన ముగ్గు రేపటికి చెరిగిపోతుంది. దాచుకోవలసిన అవసరం గాని, మార్కుల భయం గాని లేని కళ కనుక పసిచేతులకు అంత స్వేచ్ఛ ఇచ్చే పని మరొకటి ఉండదు.

1919లో ఆశ్రమంలో చిత్రకళ నేర్పే కళాభవన్ మొదలవడంతో ఈ కథ మలుపు తిరిగింది. బడిపిల్లలు చదివే చోటికి నడిచి వెళ్లేంత దగ్గరలో దేశంలోని గొప్ప చిత్రకారులు పనిచేయడం మొదలుపెట్టారు. అసిత్ కుమార్ హాల్దార్, సురేంద్రనాథ్ కర్ మొదట వచ్చారు. 1920ల తొలి ఏళ్లనుంచి 1951 వరకు దాని బాధ్యత మోసింది నందలాల్ బోస్. 1882లో బిహార్‌లోని ఖరగ్‌పూర్‌లో పుట్టిన నందలాల్, అవనీంద్రనాథ్ టాగూర్ శిష్యుడు. చిన్ననాడు ఆ ఊరి కుమ్మరులు, బొమ్మలు చేసేవాళ్ల దగ్గర కూర్చుని మట్టి పిసికిన మనిషి. కలకత్తాలో పురాణగాథలు గీసి పేరు తెచ్చుకున్నారు. శాంతినికేతన్ వచ్చాక ఆయన బొమ్మల్లోకి మేక, తాడిచెట్టు, సంతాల్ స్త్రీ, వానలో తడిసే పొలం వచ్చి చేరాయి. గురువే మారుతున్న చోట శిష్యులకు నేర్పు సులభంగా అబ్బుతుంది.

పిల్లల బడినుంచి కళాభవన్‌కు నడిచిన దారికి వినోద్ బిహారీ ముఖర్జీ మంచి ఉదాహరణ. పుట్టుకతోనే ఆయన చూపు చాలా బలహీనం. ఒక కన్ను పనిచేయదు, రెండోదానికి దగ్గరివే కనిపిస్తాయి. మామూలు బడుల్లో ఇమడలేని ఆ పిల్లవాడు 1917లో శాంతినికేతన్‌లో చేరి, 1919లో కళాభవన్‌కు వచ్చాడు. ఇంత తక్కువ చూపుతో చిత్రకళ ఎలా అని నందలాల్ సందేహిస్తే, శ్రద్ధగా కూర్చుని పనిచేస్తున్నంత కాలం అతని జోలికి పోవద్దని టాగూర్ చెప్పారు. ఒంటరిగా ఖోయాయిలో తిరగడం అలవాటైన వినోద్ బిహారీ, ఎడారిలాంటి ఆ నేలను, దాని మీద ఒంటరిగా నిలబడ్డ తాడిచెట్టును పదేపదే గీశారు. 1940లో కళాభవన్ హాస్టల్ పైకప్పు లోపలి వైపు బీర్భూమ్ పల్లె మొత్తాన్ని చిత్రించారు. మధ్యలో చెరువు, చుట్టూ చెట్లు, పశువులు, మనుషులు. తరువాతి కాలంలో చూపు పూర్తిగా పోయాక కూడా కాగితం కత్తిరింపులతో, పలకలతో బొమ్మలు చేశారు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ‘ది ఇన్నర్ ఐ’ పేరుతో ఆయన మీద చిత్రం తీశారు.

నందలాల్ బోధన ఎలా ఉండేదో ఆయన శిష్యుల జ్ఞాపకాల్లో విస్తారంగా దొరుకుతుంది. 1940 నుంచి 1942 వరకు అక్కడ చదివిన సత్యజిత్ రాయ్ చెప్పిన సంగతి ఒకటి ప్రసిద్ధం. చెట్టును పైనుంచి కిందికి గీస్తుంటే నందలాల్ ఆపి, చెట్టు నేలనుంచి పైకి పెరుగుతుంది కనుక గీత కూడా మొదట్లోంచి పైకి సాగాలని చెప్పారు. చెప్పడానికి చిన్నమాట. పాటించిన చేతికి మాత్రం చెట్టు ఆకారం బదులు చెట్టు పెరుగుదల తెలుస్తుంది. గీసేవాళ్ల ఒంట్లో ఆ కదలిక పుడుతుంది. ప్రకృతి పట్ల భావం కళలోకి వచ్చే దారుల్లో ఇంత సూటిదారి ఇంకోటి దొరకదు. జపాన్ పండితుడు ఒకాకురా కళకు మూడు ఆధారాలు చెప్పేవారు: ప్రకృతి, సంప్రదాయం, సొంతదనం. మూడూ కలిస్తేనే కళ నిలబడుతుంది. నందలాల్ ఆ మాటను జీవితాంతం పట్టుకున్నారు. జేబులో ఎప్పుడూ చిన్న కార్డులు ఉంచుకుని, కనిపించిన గడ్డిపువ్వునో కుక్కపిల్లనో నాలుగు గీతల్లో గీసి, వాటినే ఉత్తరాలుగా శిష్యులకు, స్నేహితుల పిల్లలకు పోస్టు చేసేవారు. కాగితం, సిరా, రెండు నిమిషాల శ్రద్ధ ఉంటే చాలునని ఆ కార్డులు అందుకున్న పిల్లలకు ఎవరూ వేరే చెప్పనక్కరలేకపోయింది. రంగులు కూడా చాలావరకు చుట్టుపక్కల మట్టినుంచి, రాళ్లనుంచి తయారుచేసుకునేవారు. ఖోయాయిని ఖోయాయి మట్టితోనే చిత్రించే వీలు అక్కడి పిల్లలకు ఉండేది.

విద్యలో కళకు ఉండవలసిన స్థానం గురించి నందలాల్ ఒక వ్యాసం రాశారు. అది ఆయన ‘శిల్పకథ’ పుస్తకంలో చేరింది. అందులోని సూచనలు ఇప్పటికీ ఏ బడికైనా పనికివచ్చేవే. తరగతి గదుల్లో, గ్రంథాలయంలో, హాస్టల్లో మంచి చిత్రాలు, శిల్పాలు కళ్లకు కనిపించేలా ఉంచాలి. వాటి గురించి తెలిసినవాళ్లు పిల్లలకు అర్థమయ్యేలా రాయాలి. ఉపాధ్యాయులు వెంట ఉండి మ్యూజియాలకు తీసుకువెళ్లాలి. అన్నిటికంటే ఎక్కువగా ప్రకృతితో పరిచయం కలిగించాలి: శరత్తులో వరిచేలు, తామరకొలనులు చూపించడానికి, వసంతంలో మోదుగ, బూరుగ పూసిన చోట్లకు తీసుకువెళ్లడానికి సెలవు ఇవ్వాలి. ఆ రుతువుకు తగిన దుస్తులు, ఆటపాటలతో పండుగ చేయాలి. ఏడాదికోసారి ప్రతి విద్యార్థీ తన చేత్తో చేసినది ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా, తెచ్చి కళోత్సవంలో పెట్టాలి. ప్రకృతితో ప్రేమ కుదిరితే పిల్లల సౌందర్యదృష్టికి ఊట ఎన్నటికీ ఎండిపోదని ఆయన నమ్మకం. ఈ సూచనల్లో గీత ఎలా గీయాలనే పాఠాల కంటే పిల్లల చుట్టూ ఏముండాలనే ఆలోచనే ఎక్కువ. అందుకే బొమ్మలు గీయడం రాని ఉపాధ్యాయులు కూడా వీటిలో చాలావాటిని ఆచరించగలరు.

ఈ ఆలోచన అచ్చులోకి వచ్చిన అందమైన రూపం ‘సహజ్ పాఠ్’. 1930లో వెలువడిన ఈ బెంగాలీ వాచకం టాగూర్ రాసినది, బొమ్మలు నందలాల్‌వి. అక్షరాలు నేర్చుకునే పిల్లలకు చిన్న చిన్న పద్యాల్లో, వాక్యాల్లో పల్లె, ఏరు, మబ్బు, నాట్లు, పడవలు పరిచయమవుతాయి. ప్రతి పాఠానికీ నలుపు తెలుపుల లినోకట్ బొమ్మ. లినోలియం పలకను చెక్కి అచ్చువేసే ఆ పద్ధతిలో సన్నని వివరాలకు తావు లేదు. నల్లటి ముద్దలో తెల్లగా మెరిసే వాన, గాలికి వంగిన చెట్టు కనిపిస్తాయి. చూసిన పిల్లవాడికి అలాంటిది తానూ చేయగలననిపిస్తుంది. పిల్లల పుస్తకాల్లో మరీ నునుపైన, రంగులద్దిన బొమ్మలు వేసి పిల్లల చేతులు కట్టేసే నేటి అలవాటుకు అది చక్కటి బదులు. తరాల తరబడి బెంగాలీ పిల్లలు ఆ పుస్తకంతోనే చదువు మొదలుపెట్టారు.

ఆశ్రమంలో కళ గోడలకూ, ఆరుబయటికీ పాకింది. గ్రంథాలయం వరండా గోడల మీద జైపూర్ పద్ధతి కుడ్యచిత్రాలు వచ్చాయి. శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1935లో చెట్ల మధ్య సన్నగా నడిచే సుజాతను, 1938లో సామాన్లు మోసుకుని ఊరు వదిలివెళుతున్న సంతాల్ కుటుంబాన్ని సిమెంటు, గులకమట్టితో నిలబెట్టారు. ఆ ఎర్రటి గులక ఆ నేలదే. శిల్పాలకు ఎత్తైన పీఠాలు, కంచెలు ఉండేవి కావు. పెద్ద శిల్పం రోజుకింత చొప్పున లేవడాన్ని పిల్లలు బడికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చూసేవారు.

అయితే అన్నీ అనుకున్నట్టే సాగలేదు. తల్లిదండ్రులు మెట్రిక్యులేషన్ కోరుకున్నారు. బడి నిలవాలంటే కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయక తప్పలేదు. చిలకకు చదువు చెప్పించబోయి దాని నోట్లో పుస్తకాల కాగితాలు కుక్కి చంపేసే కథ, ‘తోతా కాహినీ’, 1918లో రాసిన టాగూర్‌కు తన బడిలోనే పరీక్షల ఒత్తిడి చూడటం బాధ కలిగించింది. పైగా అక్కడ చదివేది ఎక్కువగా పట్టణాల మధ్యతరగతి పిల్లలు. చుట్టుపక్కల పల్లెల పేదపిల్లలకు ఆ అవకాశం లేదు. 1924లో శిక్షాసత్ర అనే మరో చిన్న బడి ఈ రెండు లోపాలనూ సరిచేసే ప్రయత్నం. అక్కడ పల్లె పిల్లలకు పరీక్షల గొడవ లేకుండా తోటపని, నేత, వంట, చుట్టుపక్కల పరిశీలన ద్వారా చదువు చెప్పారు. గ్రామీణ పునర్నిర్మాణం కోసం 1922లో ప్రారంభమైన శ్రీనికేతన్‌తో అది కలిసి పనిచేసింది. ప్రకృతి మీద ఇష్టం చాలదు, ప్రకృతితో పని కూడా కావాలనే ఎరుక అందులో ఉంది. పల్లెపిల్లలకు మొక్క చూడటం కొత్త కాదు. తాము రోజూ చూసేది బొమ్మగా, పాటగా గౌరవం పొందుతుందని తెలియడమే వాళ్లకు కొత్త.

ఇదే కాలంలో యూరప్‌లోనూ పిల్లల కళకు గుర్తింపు వస్తోంది. వియన్నాలో ఫ్రాంజ్ చీజెక్ 1897లోనే పిల్లల కోసం కళా తరగతి పెట్టి, వాళ్ల బొమ్మలు పెద్దల బొమ్మలకు తప్పుల నకళ్లు కావనీ వాటికి వేరే విలువ ఉందనీ చాటారు. 1943లో హెర్బర్ట్ రీడ్ ఇంగ్లండులో ‘ఎడ్యుకేషన్ త్రూ ఆర్ట్’ ప్రచురించారు. ఉద్దేశం దగ్గరిదే అయినా దారి వేరు. చీజెక్ తరగతి నగరంలో, నాలుగు గోడల మధ్య, పిల్లల ఊహకు పెద్దపీట వేసింది. శాంతినికేతన్ ఒక నేలకూ, దాని ఆరు రుతువులకూ పిల్లలను ముడివేసింది. రెండో దాంట్లో ఊహకు ఆధారం బయట కూడా ఉంటుంది కనుక, తనకు ఏమీ తోచడం లేదని కూర్చుండిపోయే పిల్లవాడికి అది ఎక్కువ ఆసరా.

శాంతినికేతన్ అనుభవం గాంధీ ఆశ్రమమైన సేవాగ్రామ్‌కు చేరడం ఈ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. 1937లో వార్ధాలో రూపుదిద్దుకున్న, చేతిపని ద్వారా చదువు చెప్పే నయీ తాలీమ్‌ను నడిపించిన ఆర్యనాయకం, ఆశాదేవి దంపతులు అంతకుముందు శాంతినికేతన్‌లో పనిచేసినవారు. నందలాల్ శిష్యుడు దేవీప్రసాద్ 1944లో సేవాగ్రామ్ వచ్చి 1962 వరకు పిల్లలకు బొమ్మలు, కుండలు నేర్పారు. నూలు వడికి, పొలంపని చేసి బతుకుతెరువు నేర్చుకునే బడిలో బొమ్మలకు చోటేమిటన్న ప్రశ్న అక్కడ వచ్చింది. చేసే పనిలో అందం, పనిచేసే చేతిలో ఆనందం లేకపోతే ఆ పని చాకిరీ అవుతుందని దేవీప్రసాద్ జవాబు. ఏళ్ల తరబడి పిల్లల బొమ్మలు సేకరించి, వయసుతో పాటు అవి ఎలా మారతాయో గమనించి హిందీలో పుస్తకం రాశారు. దాని ఆంగ్లరూపాన్ని 1998లో నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. పెద్దలు గీసిన నమూనా చూసి గీయించడం, పిల్లల గీతను దిద్దడం, బొమ్మలకు పోటీలు పెట్టడం పిల్లల లోపలి మాటను నొక్కేస్తాయని ఆయన గట్టిగా వాదించారు. పిల్లలకు భావాలు చెప్పుకునే దారి మూసుకుపోతే అవి హింసగా బయటికి వస్తాయని ఆయన నమ్మారు. 1962లో ఆయన సేవాగ్రామ్ వదిలి యుద్ధవ్యతిరేక సంస్థ వార్ రెసిస్టర్స్ ఇంటర్నేషనల్‌లో పనిచేయడానికి లండన్ వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. ఆయన దృష్టిలో రెండు పనులూ ఒకటే.

తెలుగువాళ్లకూ ఈ ఆశ్రమంతో చుట్టరికం ఉంది. టాగూర్ 1919లో మదనపల్లెలోని థియోసాఫికల్ కళాశాలకు వచ్చి కొన్ని రోజులున్నారు. జనగణమనకు ఆంగ్లానువాదం అక్కడే చేశారు. రాయప్రోలు సుబ్బారావు శాంతినికేతన్‌లో కొంతకాలం గడిపారు. తెలుగు భావకవిత్వంలోని ప్రకృతి ప్రేమ మీద ఆ గాలి సోకింది. అక్కడ చదువుకున్న బెజవాడ గోపాలరెడ్డి టాగూర్ రచనలను తెలుగులోకి తెచ్చారు. కళాభవన్ తొలి విద్యార్థుల్లో చిత్రా వీరభద్రరావు ఉన్నారు. ఓరుగల్లు ప్రాంతంనుంచి వచ్చిన కొండపల్లి శేషగిరిరావు నందలాల్ దగ్గర శిక్షణ పొంది, హైదరాబాద్ తిరిగి వచ్చి ఇక్కడి బండరాళ్లను, చెట్లను అదే ప్రేమతో చిత్రించారు. బీర్భూమ్ ఎర్రమట్టికి బదులు దక్కన్ రాళ్లు. గురువు చెప్పినది ఒక దృశ్యాన్ని అనుకరించడం గురించి కాదు, తన నేలను తాను చూసుకోవడం గురించి అని ఆయన చిత్రాలు రుజువు చేశాయి. అయితే తెలుగునాట ఈ ప్రభావం కవులకు, చిత్రకారులకు అందినంతగా పసిపిల్లల బడులకు అందలేదు. ఇక్కడ డ్రాయింగ్ పీరియడ్ చాలాకాలం నల్లబల్ల మీది కుండను, కొబ్బరిచెట్టును ఎక్కించుకోవడంగానే మిగిలింది.

టాగూర్ శాంతినికేతన్‌లో నెలకొల్పిన విశ్వభారతి 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అదే ఏడాది నందలాల్ పదవీ విరమణ చేశారు. 1944లో కేరళనుంచి వచ్చి అక్కడ చదువుకున్న కె.జి. సుబ్రమణ్యన్, బరోడాలో బోధించి 1980లో తిరిగి శాంతినికేతన్ చేరారు. పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు చేశారు, చెక్కతో, తోలుతో, పూసలతో ఆటబొమ్మలు తయారుచేశారు. చేతికి దొరికిన వస్తువుతో చేయగలిగినదాన్ని చిన్నచూపు చూడకూడదన్న నందలాల్ పాఠానికి అవి కొనసాగింపు. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పాఠశాలల్లో కళలను పక్కనపెట్టే అంశంగా కాక ముఖ్యాంశంగా చూడాలని సూచించింది. శాంతినికేతన్ 2023 సెప్టెంబర్‌లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పాఠభవన్ పేరుతో నడుస్తున్న పాత బడిలో తరగతులు నేటికీ చెట్ల కింద జరుగుతాయి. వృక్షారోపణం ఇప్పుడు టాగూర్ కన్నుమూసిన రోజైన బెంగాలీ శ్రావణం 22న, మరునాడు శ్రీనికేతన్‌లో నాగలి పండుగ హలకర్షణం జరుగుతాయి. రెండింటికీ ఆల్పనలు వేస్తారు, పిల్లలు ఆ కాలపు పూలతో అలంకరించుకుంటారు.